బ్రేకు ఒక్కసారి నొక్కి చూడండి

కేంద్ర రోడ్డు రవాణా, జాతీయ రహదారుల శాఖ మంత్రి గారికి,



మోటారు వాహనాల తనిఖీ అధికారిని మా వైపు ఎవరూ ఆ పేరుతో పిలవరు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటారు. ఆర్టీవో ఆఫీసు ముందు టీ కొట్టాయన దగ్గర్నుంచి, కూతురికి సంబంధాలు చూసే తండ్రి దాకా అందరిదీ అదే మాట: "అబ్బాయి బ్రేక్ ఇన్‌స్పెక్టరండీ!" నాకా పేరంటే ఇష్టం. బండిలో చూడదగినవి నూటొక్కటి ఉన్నా, ముందు చూడాల్సింది ఏదో ఉద్యోగం పేరులోనే ఉంది. ఈ ఉత్తరం ఆ పేరు గురించే.

తెలుగులో రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. విజయవాడలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పుకునేదాన్ని. కోపం వచ్చినప్పుడు నాకు ఇంకో భాష నోట్లోకి రాదు. మీ శాఖలో తెలుగువాళ్ళు ఉండకపోరు. వాళ్ళలో ఎవరైనా చదివి చెబితే చాలు.

మాది 1984 నాటి ఎజ్డీ. మైసూరులో ఐడియల్ జావా వాళ్ళు తయారుచేసింది. 1961లో చెక్ దేశపు జావాతో మొదలుపెట్టి, 1973 నుంచి ఎజ్డీ అని సొంత పేరు పెట్టుకుని, 1996లో మూతబడ్డ ఫ్యాక్టరీ అది. మా నాన్నగారు పశువైద్యశాలలో పనిచేసేవారు. సీటు వెనకాల ద్రవ నత్రజని క్యాను తాళ్ళతో కట్టుకుని ఊరూరా తిరిగేవారు. మూత తీస్తే తెల్లటి పొగ నేల మీదికి జారేది. మేం పిల్లలం చుట్టూ మూగేవాళ్ళం. ఆ రెండు సైలెన్సర్ల చప్పుడు కిలోమీటరు దూరాన వినబడగానే కొన్ని గేదెలు పలుపు తాడు తెంపుకోబోయేవని చెబితే మా అబ్బాయి నమ్మడు. చప్పుడు వెనకాల సూది ఉందని వాటికి తెలుసు మరి.

1999లోనూ 2004లోనూ నాన్నగారే వెళ్ళి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకున్నారు. 2009 నాటికి కళ్ళలో శుక్లాలు ముదిరాయి. బండి గొడ్ల చావిట్లోకి చేరింది. మావాడు పుట్టిందీ ఆ ఏడాదే. నాన్నగారు 2018లో పోయారు. ఆ తర్వాత చావిట్లో గొడ్లూ లేవు. బండి ఒక్కటే మిగిలింది.

పోయినేడు పదో తరగతి పరీక్షలయ్యాక మావాడు నాతో రోజుకు నాలుగు మాటలు మాట్లాడేవాడు: ఆకలి, డబ్బులు, చార్జరు, ఊఁ. ఎండాకాలం సెలవుల్లో ఊరు తీసుకెళితే వాడు ఆ చావిట్లో దూరాడు. సాయంత్రం వచ్చి, "అమ్మా, తాతయ్య బండి గేరు రాడ్డూ కిక్ రాడ్డూ ఒకటేనా?" అన్నాడు. ఏడాదిలో వాడు నన్నడిగిన మొదటి పెద్ద ప్రశ్న అదే. అవునురా, లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, వదిలేస్తే గేరు, అన్నాను. రెండు రోజుల తర్వాత ట్రాలీ ఆటోలో ఎజ్డీ మా అపార్టుమెంటు సెల్లారులో దిగింది. సీటు మీద కోడి ఈకలు. సైలెన్సర్లలో కందిరీగలు కట్టిన మట్టి గూళ్ళు. ట్యాంకులో పెట్రోలు ఎప్పుడో బెల్లం పాకంలా అయిపోయింది.

ఇంజను జామ్. కిక్ రాడ్డు మీద మావాడు రెండు కాళ్ళూ పెట్టి నిలబడ్డా కదల్లేదు. ప్లగ్గు తీసి, డీజిల్లో కాస్త టూటీ ఆయిల్ కలిపి లోపల పోసి వదిలేశాం. రోజూ సాయంత్రం బండిని గేర్లో వేసి ముందుకోసారి వెనక్కోసారి ఊపడం. వారం దాటాక ఒక సాయంత్రం చక్రం పిసరంత కదిలింది. సెల్లారులో వాడు వేసిన కేకకు వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. పాము అనుకున్నాడట.

చిన్న చిన్న నట్లూ బోల్టులూ తుప్పు వదలకపోతే, ఇత్తడి బిందెలకు చేసినట్టు చింతపండు నీళ్ళలో నానబెడదామన్నాను. వాడు నవ్వాడు. తెల్లారి వాటిని టూత్‌బ్రష్షుతో రుద్ది చూశాక నవ్వలేదు. మా ఇంట్లో ఆ నెల చారు మటుకు పల్చగా ఉంది.

మిగతాదంతా ఆటోనగర్. మీరు విజయవాడ వచ్చినప్పుడు అధికారులు మిమ్మల్ని ఫ్లైఓవర్ల మీద తిప్పుతారు గానీ ఆటోనగర్ లోపలికి తీసుకెళ్ళరు. లారీ ఛాసిస్ దగ్గర్నుంచి స్కూటరు వైసరు దాకా అక్కడ దొరకని వస్తువు లేదు, దొరక్కపోతే తయారుచేయని లేత్ మెషిన్ లేదు. మొదటి షాపులో, "మీ వారు రాలేదా మేడం?" అన్నారు. నాలుగో షాపుకొచ్చేసరికి నన్ను అడగడం మానేసి మావాణ్ణి అడగడం మొదలుపెట్టారు. బోరింగ్ షాపు పెద్దాయన మాత్రం ఇద్దర్నీ అడగలేదు. సిలిండరు లోపలికి చూపుడు వేలు పోనిచ్చి కళ్ళు మూసుకుని ఒక చుట్టు తిప్పి, "కింద అరిగింది, అరలో పోతుంది" అన్నాడు. అర అంటే అర మిల్లీమీటరు ఓవర్‌సైజ్ పిస్టన్. తర్వాత గేజ్ పెట్టి కొలిస్తే అంతే వచ్చింది. అసలు కొలత అరవై అయిదు మిల్లీమీటర్ల సిలిండర్లో అరిగిన ఆ కాస్తని వేలితో పట్టిన మనిషిని చూశాక, మావాడు దశాంశ స్థానాల గురించి క్లాసులో నేను పదేళ్ళుగా చెబుతున్నదానికంటే ఎక్కువ నేర్చుకున్నాడు. నాకు కొంచెం కుళ్ళుగానే ఉంది.

అక్కణ్ణుంచి వాడికి కొలత పిచ్చి పట్టుకుంది. ఫీలర్ గేజ్ కొనిపించుకున్నాడు. పాయింట్ల మధ్య సందు 0.4 మిల్లీమీటర్లు, ప్లగ్గు సందు 0.6, లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల టూటీ. దేనికైనా ఒక అంకె ఉండాలి, ఆ అంకె నోట్‌బుక్కులో ఉండాలి. ట్యూషన్ కోసం కొన్న రెండు వందల పేజీల పుస్తకం అది. ట్యూషన్ సంగతి మాట్లాడుకోకపోవడమే మంచిది.

మేం ట్యాంకుకు ప్రైమర్ కొడుతున్న రోజుల్లోనే, 2025 ఆగస్టులో, ఇరవై ఏళ్ళు దాటిన మోటారు సైకిలు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు రెండు వేలు చేశారు. అంతకుముందు 2022 ఏప్రిల్ నుంచి వెయ్యి. దానికి ముందు మూడు వందలు. ఇది గాక గడువు దాటితే నెలకు మూడు వందలు, గ్రీన్ ట్యాక్సు వేరే. ఆ వార్త చదివినప్పుడు నాకేమీ అనిపించలేదని నిజం చెప్పాలి. బోరింగుకూ నికెల్ పాలిష్‌కూ అప్పటికే ఖర్చు నలభై వేలు దాటి, లెక్క రాయడం మానేసి ఉన్నాను. లెక్కల టీచరు లెక్క రాయడం మానేసిందంటే అర్థం చేసుకోండి. సరదాకు పాత బండి బాగుచేసుకునే నాలాంటిది రెండు వేలు కట్టడానికి ఏడవక్కర్లేదు.

బ్రేకుల దగ్గరే అసలు కథ జరిగింది.

అక్టోబరులో ఇంజను స్టార్టయింది. కాలనీ మొత్తానికి తెలిసింది. మావాడు వెంటనే, "అమ్మా, కాలువ గట్టు మీద ఒక్క రౌండు" అన్నాడు. వాడికి పదహారు. గేర్ల బండికి లైసెన్సు రావాలంటే పద్దెనిమిది నిండాలి. 2019లో మీ చట్టంలో చేర్చిన 199ఏ సెక్షను ప్రింటు తీసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. మైనరు నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు మూడేళ్ళ దాకా జైలు, పాతిక వేలు జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, పిల్లవాడికి ఇరవై అయిదేళ్ళు నిండేదాకా లైసెన్సు లేదు. వాడు పాలు తీసుకుంటూ చదివి, "మన బండికి రిజిస్ట్రేషనే లేదుగా, ఏం రద్దు చేస్తారు?" అన్నాడు. ఈ సెక్షను మీద నాకు ఫిర్యాదు లేదు. ఇంకా గట్టిగా అమలు చేయండి. మా స్కూలు గేటు ముందు రోజూ చూస్తున్నాను. (నేను మాత్రం పదిహేనో ఏట ఇదే బండిని అదే కాలువ గట్టు మీద నడిపాను. మీకు రాసే ఉత్తరంలో ఈ మాట ఉండకూడదేమో.)

కాబట్టి నడిపేది నేను, బండి సిద్ధం చేసేది వాడు. ఊరి బయట ఇంకా ఒక్క ఇల్లూ లేవని వెంచర్ ఒకటి ఉంది. యజమాని తెలిసినాయనే. అడిగి, గేటు తీయించుకుని, బండిని మళ్ళీ ట్రాలీ ఆటో ఎక్కించి తీసుకెళ్ళాం. రెండో రౌండులో నేను వెనక బ్రేకు నొక్కితే పాదం నేల దాకా పోయింది. బ్రేకు రాడ్డు ఊడి రోడ్డు మీద గీసుకుంటోంది. ముందు బ్రేకు పట్టీ పట్టనట్టు పట్టింది. పాతిక కిలోమీటర్ల వేగం కూడా లేదు కాబట్టి ఇసక కుప్పలోకి వెళ్ళి పడ్డాను. మోచెయ్యి చెక్కుకుపోయింది. మావాడు పరిగెత్తుకొచ్చి నన్ను లేపి, బండి కింద కూర్చుని చూసి, తెల్లబోయి అట్లాగే కూర్చున్నాడు. పెడలు దగ్గర పిన్ను పెట్టాడు గానీ, ఆ పిన్ను జారకుండా పెట్టే స్ప్లిట్ పిన్ను మర్చిపోయాడు. బజార్లో రూపాయి చెయ్యని వస్తువు.

నేను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేదని తర్వాత అనిపించింది. ఎందుకంటే ఆ రాత్రి వాడు అన్నం తినకుండా రెండు చక్రాలూ విప్పేశాడు. డ్రమ్ములు ఆటోనగర్ తీసుకెళ్ళి లేత్ మీద పెట్టించాడు. వెనకది గుండ్రంగా లేదు, కోడిగుడ్డు అయింది. షూలకు కొత్త లైనింగు రివెట్లు కొట్టించాడు. తర్వాతి ఆదివారం మళ్ళీ వెంచర్‌కు వెళ్ళాం, ఈసారి ఇంట్లోంచి ముగ్గుపిండి డబ్బా పట్టుకుని. ముప్పై కిలోమీటర్ల వేగంలో నేను బ్రేకు కొట్టాల్సిన చోట ఒక గీత. బండి ఆగిన చోట ఇంకో గీత. మధ్యలో టేపు. మొదటిసారి పద్నాలుగు మీటర్లు. లైనింగు డ్రమ్ముకు ఒరుసుకుని సర్దుకునేదాకా అట్లాగే తిప్పాం. మూడో ఆదివారానికి తొమ్మిది. ఆ తొమ్మిది కింద వాడు రెండు గీతలు కొట్టాడు. వేగం రెట్టింపైతే దూరం నాలుగింతలవుతుందని చెబితే, నమ్మకుండా నా చేత పదిహేనులోనూ ముప్పైలోనూ తిప్పించి మరీ చూశాడు. ఆ సూత్రాన్ని ముగ్గుపిండితో రుజువు చేసింది మా ఇంట్లోనే అయ్యుంటుంది.

ఇక కాగితాలు. నాన్నగారు లేరు కాబట్టి వారసురాలిగా ఫారం 31, రెన్యువల్‌కు ఫారం 25. మూడు ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ ఉన్న ఆ పాత నంబరును కంప్యూటర్లోకి ఎక్కించడానికే కొన్ని వారాలు పట్టింది. ఏ ఆఫీసో రాయను. అక్కడివాళ్ళు మర్యాదగానే ఉన్నారు, తప్పేమీ చేయలేదు. ఈ జనవరిలో బండిని ట్రాలీ ఆటోలో తీసుకెళ్ళాం. మావాడు కాలేజీ మానేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నోట్‌బుక్కు పట్టుకుని వచ్చాడు. ఇంటర్ ప్రాక్టికల్స్‌కు కూడా అంత శ్రద్ధగా తయారవడని పందెం కాస్తాను.

అధికారి వచ్చారు. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దిన అచ్చు చూశారు. ఇంజను నంబరు చూశారు. రంగు పాత సి-బుక్కులో ఉన్నదేనా అని అడిగారు. ఫీజు రసీదు చూశారు. సంతకం పెట్టారు. వెనకాల చాలా బండ్లున్నాయి. ఆయన తర్వాతి బండి దగ్గరకు వెళ్ళిపోయారు. హ్యాండిలు పట్టుకోలేదు. కిక్కు కొట్టమనలేదు. మావాడు అప్పటికే రాడ్డు లోపలికి నొక్కి పట్టుకుని ఉన్నాడు. "సార్, బ్రేకు..." అన్నాడు. ఆయన వెనక్కి తిరిగి, "అయిపోయింది బాబూ, తీసుకెళ్ళు" అన్నారు, చాలా ప్రేమగానే.

ఆటోలో వస్తూ మావాడు అడిగాడు: "పాస్ అయిందా, చూడలేదా?"

మంత్రి గారూ, ఆ ప్రశ్న మీకు పంపుతున్నాను. ఎనిమిది నెలలు మేం ఆ బండిలో కొలవని భాగం లేదు. ప్రభుత్వం కొలిచింది ఒక్కటే, దాని వయసు. ఆ ఒక్కటీ మేం మార్చలేం.

2021లో మీ శాఖ తెచ్చిన స్క్రాప్ విధానం పెద్దపెద్ద మాటల్లో చెప్పిందేమిటి? బండిని తుక్కు కింద తేల్చేది ఏళ్ళు కాదు, ఫిట్‌నెస్ పరీక్ష అని. అది చదివి చప్పట్లు కొట్టినదాన్ని. మరి ఫీజుల పట్టిక ఏళ్ళ మీద నడుస్తోంది. ఇరవై నిండిందా, రెండు వేలు. బ్రేకులు తొమ్మిది మీటర్లలో పట్టినా అంతే, అసలు పట్టకపోయినా అంతే. అదే 2021లో వింటేజ్ బండ్లకు వేరే నిబంధనలు పెట్టారు. యాభై ఏళ్ళు దాటి అసలు రూపంలో ఉండాలి, రిజిస్ట్రేషన్ ఇరవై వేలు, రోజువారీ తిరగకూడదు. మా బండికి యాభై నిండేది 2034లో. అప్పటికి మావాడికి పాతికేళ్ళు. ఫ్రిజ్ మీది సెక్షనులో ఉన్న అంకే. ఆ యాభైని ముప్పై చేయమని పాత బండ్ల ప్రేమికులు అడగవచ్చు. నేనడగను. ఆటోనగర్ లేత్ మీద పుట్టిన బుష్షులూ పిన్నులూ ఉన్న బండి అసలు రూపంలో ఉందని ప్రమాణం చేయలేను, ప్రదర్శనలో పెట్టుకోవాలనీ లేదు.

టూ స్ట్రోక్ బండి పొగ వదులుతుంది, అదీ ఒప్పుకుంటాను. కాలని పెట్రోలు కొంత సైలెన్సర్లోంచి బయటికి పోవడం ఆ ఇంజను పుట్టుకలోనే ఉంది. ఎంత బాగు చేసినా పోదు. ఢిల్లీ గాలి పీల్చేవాళ్ళకు ఇలాంటి బండ్ల మీద కోపం ఉంటే తప్పు లేదు. మా బండి నెలకు ఒక ఆదివారం కంటే ఎక్కువ తిరగకూడదని షరతు పెట్టినా సంతకం పెడతాను.

అయితే నా బాధ మా బండి గురించి కాదు. మా వీధిలో పాలు పోసే ఆయనకు ఇరవై దాటిన మోపెడ్ ఉంది. రెండు వైపులా రెండేసి క్యాన్లు. ఆయన కాగితాలు ఎప్పుడో చెల్లిపోయాయి. "రెన్యువల్‌కు పెట్టే డబ్బుతో దాణా బస్తా వస్తుందమ్మా" అంటాడు. ఆలస్యపు రుసుము లెక్కగట్టి చెబితే, బండి ఖరీదే అంత లేదన్నాడు. ఆయన బండి ఎలా ఆగుతుందో రోజూ పొద్దున్నే మేడ మీంచి చూస్తాను. రెండు కాళ్ళూ కింద పెట్టి ఈడుస్తాడు. చెప్పులే బ్రేకులు. ఆ బండి ఏ బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందుకూ ఈ జన్మకు రాదు. మీరు పెంచిన ప్రతి వందా దాన్ని ఆ గేటుకు ఇంకొంచెం దూరం జరిపింది. రోడ్డు మీద ఉండకూడని బండ్లను తగ్గించడానికే కదా ఈ ఫీజు? తగ్గింది మీ రిజిస్టర్లలోనే. వీధిలో ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

నా లెక్క ఇది. పాత బండికి వయసు చూసి రుసుము వేయడం మానండి. పరీక్షకు ఎంతవుతుందో అంతే తీసుకోండి, కానీ పరీక్ష చేయండి. మనిషి ఎక్కి, నడిపి, గీత దగ్గర బ్రేకు కొట్టి, టేపు పెట్టి, ఆ అంకెను ఆర్.సి. మీద రాయండి. హెడ్‌లైటు, హారను, పొగ కూడా. ఆరు నెలల పాటు ఆలస్యపు రుసుము మాఫీ అనండి. పాలాయన వస్తాడు. ఆయన బండి తప్పితే, లైనింగు వేయించుకుని నెలలో రమ్మనండి. అప్పటికీ తప్పితే తుక్కుకు పంపండి. మా ఎజ్డీ తప్పినా అదే చేయండి. మావాడు ఏడుస్తాడు గానీ ఒప్పుకుంటాడు. చూడకుండా పెట్టిన సంతకానికే వాడు ఒప్పుకోవడం లేదు. కొత్త ఆర్.సి. వచ్చి నెలైనా ఇంకా లామినేషన్ చేయించలేదు.

ఇందులో ఖర్చు విషయం మీ వాళ్ళు ఎత్తుతారని తెలుసు. ముగ్గుపిండి కిలో ఎంతో కనుక్కోమనండి.

మీరు ఈ వైపు వచ్చినప్పుడు ఒక్క పావుగంట దొరికితే కబురు చేయండి. ఆదివారమైతే మంచిది. బండి సెల్లారులో మూడో స్తంభం పక్కన గోనెపట్టా కప్పి ఉంటుంది. పెట్రోలు కుళాయి తిప్పాక ఒక నిమిషం ఆగాలి. ఎడమ పక్క రాడ్డును లోపలికి నొక్కి పైకి తిప్పకపోతే కిక్కు పడదు, మావాడు చూపిస్తాడు. స్టార్టయ్యాక వాడు పక్కకు జరిగి మీకిస్తాడు. వాడికి ఇంకా ఏడాదిన్నర ఉంది. బ్రేకు కుడి కాలి కింద ఉంటుంది.

ఇట్లు,
ఒక లెక్కల టీచరు,
విజయవాడ.